ఉజ్వల లేని ఇంటర్వ్యూ

ఉజ్వల పీహెచ్‌డీ ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగిపోయింది. ఆ సంగతి తెలియనిది ఒక్క ఉజ్వలకే.

అది జరుగుతున్న సమయానికి ఆమె అమెరికాలోని మోరిస్‌విల్‌లో తమ అపార్ట్‌మెంట్ల వెనకనున్న నీటికుంట చుట్టూ తిరుగుతూ, అక్కడి బాతులకు వేరుశనగ ఆకుమచ్చ తెగులు గురించి ఇంగ్లీషులో వివరిస్తోంది. నిజానికవి బాతులు కూడా కావు, చలికాలంలో కెనడా నుంచి దిగే పెద్ద పిట్టలు. మనిషి వస్తే పక్కకు జరగాలన్న మర్యాద వాటి ఇంటావంటా లేదు. భయం పోవాలంటే ఎవరో ఒకరి ముందు గొంతెత్తి మాట్లాడాలని ఉజ్వల ఎక్కడో చదివింది. మనుషులైతే ఇంగ్లీషుకు వంక పెడతారు, ఈ పిట్టలు పెట్టవు. ప్రొఫెసర్ ఏ రోజున ఫోన్ చేసినా తడబడకూడదని అప్లికేషన్ పంపిన దగ్గర్నుంచీ ఆమెకిదే పని.

ఆ శుక్రవారం సాయంత్రం లోకేష్ ఆఫీసు నుంచి కాజూ బర్ఫీ డబ్బాతో వచ్చాడు. బూట్లైనా విప్పకుండా ఒక ముక్క తీసి భార్య నోట్లో పెట్టాడు.

"నీ ఇంటర్వ్యూ అయిపోయింది ఉజ్జూ. అదరగొట్టేశావ్."

హాస్యమాడుతున్నాడనుకుని ఉజ్వల కూడా నవ్వింది. నవ్వుతూనే, నేనెప్పుడు మాట్లాడానో నాకే తెలియలేదే అంది. అప్పుడు లోకేష్ సోఫాలో కూర్చుని తీరిగ్గా మొదలుపెట్టాడు. ప్రొఫెసర్ విట్‌కాంబ్ దగ్గర్నుంచి సోమవారమే మెయిల్ వచ్చింది. ఉజ్వల టెన్షన్ పడుతుందని చెప్పలేదు. ఉజ్వల పేరుతో తనే జవాబిచ్చాడు. ఫోన్ నంబరు దగ్గర విజయశ్రీ అక్క సెల్ నంబరు ఇచ్చాడు. ఇవాళ పొద్దున విజయశ్రీ అక్క తన ఆఫీసు కార్ పార్కింగ్‌లో కూర్చుని ఉజ్వలగా మాట్లాడింది. పొల్లు పోకుండా అన్నిటికీ జవాబు చెప్పింది. ఇక సీటు వచ్చినట్టే.

బర్ఫీ ఉజ్వల నోట్లోనే ఉండిపోయింది. మింగాలో ఉమ్మాలో తెలియలేదు.  

ఇక్కడ లోకేష్ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే చదివేవాళ్ళు అతన్ని రాక్షసుడనుకునే ప్రమాదముంది. తెనాలి కుర్రాడు, మంచివాడు, పెళ్ళామంటే ప్రాణం. అయితే అమెరికాలో అతను నేర్చుకున్న మొదటి విద్య ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడటం. అతని మొదటి ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూ చెప్పింది అతని రూమ్మేటు. ఆ తర్వాత ఇతను ఎందరికి చెప్పాడో లెక్కలేదు. ఒకసారి స్నానం చేస్తుండగా కాల్ వస్తే, తల తుడుచుకుంటూనే ఎవరో శ్రీకాకుళం అబ్బాయిగా మారిపోయి అతనికి ఉద్యోగం తెచ్చిపెట్టాడు. వాళ్ళ మధ్య దాన్ని మోసమనరు, హెల్ప్ అంటారు. పక్కింట్లో పెళ్ళయితే గుండిగలూ జంపఖానాలూ అరువిచ్చినట్టు, ఇక్కడ గొంతు అరువిస్తారు. ఆడపిల్లలకైతే విజయశ్రీ ఉంది. కరీంనగర్ మనిషి, హైదరాబాదు కాల్ సెంటర్లో ఆరితేరి వచ్చింది. ఫోన్ చెవిన పెట్టిందంటే ఇక్కడే పుట్టిందనుకోవాలి.

పైగా ఉజ్వలకు ఫోన్ అంటే వణుకు. కరెంటు కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి మనిషి రెండుసార్లు "సారీ?" అనేసరికి, రిసీవర్ భర్త చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు అడగడానికి మాటలు కాగితం మీద రాసుకుని చదివింది. ఎదుట మనిషి ఉంటే నెమ్మదిగానైనా చెప్పగలదు, మొహం కనిపించకపోతే మాట ఆగిపోతుంది. ఇవన్నీ కళ్ళారా చూసినవాడు లోకేష్. తనకు చేతనైన సాయం తను చేశాడు.

మెయిల్ అతని కంట పడటానికీ కారణముంది. పెళ్ళయిన వారంలోనే ఇద్దరి పేర్లూ కలిపి ఒక ఈమెయిల్ తెరిచాడు. వాళ్ళకు తెలిసిన జంటలందరికీ అలాంటిదే. శుభలేఖ మీద పేర్లు పక్కపక్కన అచ్చయినట్టు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అప్లికేషన్‌లో ఉజ్వల ఆ అడ్రసే ఇచ్చింది. ఆమెకు వేరేది లేదు, ఉండాలని తోచనూ లేదు.

"ఏందండీ మీరు చేసింది?" అంది చివరికి. "నేను ఇంట్లోనే ఉంటిని కదా. నాకొక మాట చెప్పల్లని అనిపించలేదా?"

"చెప్తే ఒప్పుకుంటావా నువ్వు?" అన్నాడు లోకేష్ ప్రేమగా.

అతని ముఖంలో తప్పు చేసినవాడి ఛాయలు ఎంత వెతికినా లేవు. అందుకే ఆమెకు కోపం కూడా సరిగ్గా రాలేదు. కోపగించుకోవాలంటే అది తప్పని అవతలివాడికి కొంచెమైనా తెలియాలి కదా. మెయిల్ ఏదీ, చూపించమంది. అతను లాప్‌టాప్ తెరిచి చూపించాడు. ప్రొఫెసర్ రాసింది రెండే మాటలు. రెండో ఏడాది సంగతి చదివాను, దాని గురించే మాట్లాడాలి. ఈ చలికాలమంతా అర్జెంటీనాలో వేరుశనగ పొలాల మీద ఉన్నాను, అక్కడి నుంచి ఫోన్ చేస్తాను.

ఆ రెండు మాటలను ఉజ్వల మళ్ళీ మళ్ళీ చదివింది. అవి తన కోసం వచ్చిన మాటలు. ఎన్నేళ్ళుగానో ఆమె వినాలనుకున్న మాటలు.

కదిరి దగ్గర పుట్టిన మనిషి ఉజ్వల. వేరుశనగ పండితే పండుగ, పోతే పస్తు అన్న నేల అది. తిరుపతిలో ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చేస్తూ ఆకుమచ్చ తెగులు మీద పని చేసింది. తెగులు తెచ్చే బూజును చంపే ఇంకో మంచి బూజు ఉంది, దాన్ని నీళ్ళలో కలిపి సగం పొలానికి చల్లింది. మొదటి ఏడాది మందు చల్లిన సగంలో తెగులు తగ్గింది. రెండో ఏడాది అదే పొలం, అదే మందు, అదే ఉజ్వల. తెగులు ఆ సగంలోనే రెండింతలైంది. ఎందుకో ఎంత తన్నుకున్నా అంతుపట్టలేదు. రెండో ఏడాదిని థీసిస్‌లో పెట్టొద్దన్నారు గైడు ఆంజనేయప్రసాద్ గారు, మంచి థీసిస్ పాడవుతుందని. గురువు మాట కాదనలేక తీసేసింది. తీసేసిందే గానీ మరిచిపోలేదు. పెళ్ళయి ఇక్కడికొచ్చాక, భర్త వీసా మీద ఉన్న భార్య ఉద్యోగం చేయకూడదుగానీ చదువుకోవచ్చని తెలిశాక, మొదట గుర్తొచ్చింది ఆ పాడైన సగం పొలమే.

అప్లికేషన్‌కు ఏం కావాలో ఇక్కడి తెలుగువాళ్ళందరికీ తెలుసు. స్కోరు బాగుండాలి, గురువుల సిఫారసులు బాగుండాలి. ఎందుకు చదవదలచుకున్నావో రాసే స్టేట్‌మెంట్‌లో గెలుపులు తప్ప ఇంకేం కనిపించకూడదు. సీనియర్లు తమవి పంపించారు. అన్నీ ఒకే పిండితో వేసిన అట్లలాగున్నాయి, చిన్నప్పటి నుంచీ సైన్సంటే ఆసక్తి అనే మొదలవుతాయి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఉజ్వల తన స్టేట్‌మెంట్‌ను నా ప్రయోగం చెడిపోయింది అనే వాక్యంతో మొదలుపెట్టింది. చదివిన ప్రతి ఒక్కరూ అది తీసెయ్యమన్నారు. లోకేష్ కూడా అన్నాడు. తీసెయ్యలేదు. అప్లికేషన్ మొత్తంలో బలమైనది అదేనని ఆమెకు తెలుసు. విట్‌కాంబ్ జీవితమంతా పరిశోధించేది ఇలాంటి మందులు ఎక్కడ ఎందుకు చెడతాయన్న సంగతే. రాష్ట్రంలో ఆవిడ దగ్గరే చదవాలని, అరగంట దూరంలోని ఆ యూనివర్సిటీకి ఒక్క అప్లికేషనే పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ విజయశ్రీ ఇంటికి వెళ్ళారు. ఆవిడ అల్లం టీ పెట్టి, ఎదురుగా కూర్చుని, గెలిచిన ఆట గురించి చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది. ఇంటర్నెట్‌లో బాగా చదువుకుందట. తెగులు పేర్లు లాటిన్‌లో కూడా చెప్పిందట. ప్రొఫెసర్ తన ఇంగ్లీషును మెచ్చుకుందట. ఉజ్వలకు అవేవీ చెవికెక్కలేదు. రెండో ఏడాది గురించి ఏమడిగారు, ఏం చెప్పారు అని మాత్రం అడిగింది.

"అదే గదా మెయిన్ క్వశ్చన్," అంది విజయశ్రీ. "లోకేష్ ముందుగాలనే చెప్పిండు, సెకండ్ ఇయర్ సంగతి అడుగుతరు, ఎట్లన్న కవర్ చెయ్యాలె అని. నేనైతే ఒక్కటే చెప్పిన. మేడమ్, అది టైపింగ్ మిస్టేక్, రెండేండ్లు గూడ రిజల్ట్ మంచిగనే వచ్చింది అన్న. ఆమె మల్లొకసారి అడిగింది. మల్ల గదే చెప్పిన. జర గూడ తడబడలేదు."

"ఆయమ్మ ఏమన్నారు?"

"ఏమనలే. థాంక్యూ అని పెట్టేసింది."

నిన్న పడిన దెబ్బ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నిన్న ఆమె గొంతు మాత్రమే పోయింది. ఇవాళ ఆమె పొలం పోయింది. తిరుపతిలో గురువు దాచిపెట్టమన్నదాన్ని ఇన్ని సముద్రాలు దాటించి తెచ్చి ఒక మనిషి ముందు పెడితే, ఆ మనిషి ఆశగా చెయ్యి చాపితే, టైపింగ్ మిస్టేక్ అని తుడిచేశారు. ఉజ్వల టీ కప్పును సాసర్ అంచున పెట్టేసరికి టీ అంతా బల్ల మీద ఒలికింది. విజయశ్రీ భయపడి, బీపీ ఉందా తల్లీ అని అడిగింది. పాపం, ఆవిడకూ ఏమీ అర్థం కాలేదు. ఇంటర్వ్యూలో ఎవరైనా ఓడిపోయానని చెబుతారా అన్నది ఆవిడ ధర్మసందేహం.

కార్లో వస్తూ ఉజ్వల చెప్పింది, ఇంటికి వెళ్ళగానే ప్రొఫెసర్‌కు నిజం రాసేస్తానని. లోకేష్ ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళకు మొదటిసారి అతను భయపడటం చూసింది.

"రాయొద్దు ఉజ్జూ. ఫ్రాడ్ అంటారు. నీ పేరు మీదే పడుతుంది. నా H-1 వీసా రెన్యువల్ ఉంది, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఎవరైనా కంప్లైంట్ ఇస్తే ఇద్దరం బ్యాగులు సర్దుకోవాల్సిందే. విజయశ్రీ అక్కకి పిల్లలున్నారు."

ఆ మాటల్లో అబద్ధం లేదు. ఉజ్వల లాప్‌టాప్ ముందు కూర్చుని రాసింది, చెరిపింది. మర్నాడూ రాసింది, చెరిపింది. భయమే ఆపిందని ఆమె అప్పుడూ అనుకుంది, తర్వాతా అనుకుంది. కానీ మనం మొహమాటపడనక్కర్లేదు, ఉన్నమాట చెప్పుకుందాం. భయం వెనక ఆశ కూడా ఉంది. ఏమో, ఇంగ్లీషు మెచ్చుకుందట కదా. సీటు వస్తే వస్తుందేమో. వచ్చాక పొలం సంగతి మెల్లగా చెప్పుకోవచ్చు, అప్పుడు తన గొంతే కదా. ఆశ మనిషి నోటికి ఎంత గట్టి తాళం వేస్తుందో భయం అంత వెయ్యలేదు. మౌనం అర్ధాంగీకారం అని పెద్దలు ఊరికే అనలేదు. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. కుంట దగ్గరికి వెళ్ళడం మానేసింది. పిట్టలకు చెప్పడానికి ఇప్పుడేం మిగిలిందని.

మార్చిలో మెయిల్ వచ్చింది. మీ అప్లికేషన్‌ను అంగీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం. దాని కింద ప్రొఫెసర్ సంతకం కూడా లేదు, ఆఫీసు వాళ్ళు అందరికీ పంపేది.

లోకేష్ నిజంగానే బాధపడ్డాడు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మర్నాడు తేరుకుని ఓదార్పుగా అన్నాడు, వచ్చే ఏడాది నాలుగైదు యూనివర్సిటీలకు పెడదామని, విజయశ్రీ అక్క ఎప్పుడైనా రెడీయేనని.

ఉజ్వల అతని వైపు చూసింది. అరవలేదు. స్టవ్ కట్టేసి, చెప్పులు వేసుకుని, తనను యూనివర్సిటీలో దింపమంది. విట్‌కాంబ్ గారు తిరిగొచ్చారని డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో చూసిందట. సీటు కోసం కాదంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేమిటని లోకేష్ దారి పొడవునా బతిమాలాడు. భయపెట్టాడు కూడా. ఉజ్వల సీటు బెల్టు రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"మీరు లోపలికి రావద్దండి," అని మాత్రం అంది దిగేటప్పుడు.

విట్‌కాంబ్ అరవై దాటిన మనిషి. అర్జెంటీనా ఎండకు ముఖం కందిపోయి ఉంది. బల్ల మీద కాగితాలు ఎంత ఉన్నాయో ఎండిన వేరుశనగ మొక్కలూ అంతే ఉన్నాయి. ఆ వాసనకే ఉజ్వలకు కదిరి గుర్తొచ్చింది. పేరు చెప్పింది. ప్రొఫెసర్ గుర్తుపట్టి, కూర్చోమని, కొంచెం ఇబ్బందిగా నవ్వింది. రాని సీటు గురించి అడగడానికి వచ్చినవాళ్ళను చూసి ప్రొఫెసర్లు నవ్వే నవ్వు అది.

ఉజ్వల కూర్చోలేదు. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడింది నేను కాదు అని చెప్పింది. తర్వాత ఎలా జరిగిందో మొత్తం చెప్పింది. విజయశ్రీ పేరు మాత్రం చెప్పలేదు. ఇంగ్లీషు అక్కడక్కడా ఆగింది. ఆగిన చోట ప్రొఫెసర్ అందించలేదు, ఆగి విన్నది. అంతా విన్నాక ఆవిడ ముఖంలో నవ్వు లేదు.  తర్వాత అలమరలోంచి ఒక ఫైలు తీసి, అందులోని స్టేట్‌మెంట్ ఉజ్వల ముందు పెట్టి అడిగింది.

"అయితే, ఇది ఎవరు రాశారు?"

ఉజ్వల నిర్ఘాంతపోయింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఎవరెంత చెప్పినా వినకుండా నిలబెట్టుకున్న వాక్యాలు అవి. ప్రతి మాటా తనది. కానీ గొంతు ఒకరిది, మెయిల్ ఒకరిది అయినప్పుడు రాత మాత్రం నీదేనని ఎవరు నమ్ముతారు? నేనే రాశాను అని చెప్పబోయింది. ఆ మాట ఎంత చౌకగా వినిపిస్తుందో నోటి చివరిదాకా వచ్చాక తెలిసి ఆగిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి. ప్రొఫెసర్ ముందు ఏడవడమేమిటని సిగ్గేసి గోడ వైపు తిరిగింది. అక్కడ తెల్లబోర్డు ఉంది.

ఆమె పెన్ను తీసుకుని పొలం గీసింది. మందు చల్లిన సగం, చల్లని సగం. బావి ఎటు, గాలి ఎటు, పక్క చేనులో ఆ ఏడాది ఏం వేశారు, వాన ఎప్పుడు పడింది. ఏ సాలులో మచ్చ మొదట కనిపించింది, అక్కడి నుంచి ఎటు పాకింది. గీస్తూ చెబుతూ ఉంటే ఇంగ్లీషు వస్తోందా రావడం లేదా అన్న ధ్యాస పోయింది. మాట దొరకని చోట బొమ్మ గీసింది. ప్రొఫెసర్ లేచి వచ్చి పక్కన నిలబడింది. ఒకటి రెండు ప్రశ్నలు వేసింది. చివరికి, మరి ఎందుకలా జరిగిందంటావు అని అడిగింది.

"నాకు తెలియదు," అంది ఉజ్వల. "అది తెలుసుకుందామనే మీ దగ్గరికి వచ్చాను."

ప్రొఫెసర్ బోర్డు మీది పొలాన్ని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది రాసింది నువ్వే," అంది మెల్లగా. "ఆ రోజు ఫోన్‌లో నేను వినాలనుకున్నది ఈ ఒక్క మాటే. తెలియదు అన్న మాట. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ టైపింగ్ మిస్టేక్ అన్నారు."

ఉజ్వల తలదించుకుంది. ప్రొఫెసర్ ఆగకుండా చెప్పింది, ఓదార్చడానికి కాదు, జరిగింది జరిగినట్టు. ఆవిడ దగ్గర ఈ ఏడాది ఉన్నది ఒకే ఒక్క చోటు. ఆ ఫోన్ తర్వాత కూడా వెంటనే ఎవరికీ ఇవ్వలేదు. రాసిన మనిషీ మాట్లాడిన మనిషీ ఒకరిలా అనిపించక, ఎక్కడో ఏదో తేడా ఉందనిపించి మూడు వారాలు ఎటూ తేల్చుకోలేకపోయింది. మళ్ళీ ఫోన్ చేద్దామా అనుకుంది, పొలం పనిలో పడిపోయింది. ఉజ్వల ఇంకో వాక్యం రాస్తుందేమోనని మెయిల్ చూస్తూ వచ్చింది. రాలేదు. ఆ చోటు వేరే అబ్బాయికి ఇచ్చేసింది.

"ఆ మూడు వారాల్లో ఎప్పుడు చెప్పినా అది నీదే," అంది.

 తన సీటు పోగొట్టింది భర్త అని ఉజ్వల నిన్నటి నుంచీ అనుకుంటోంది. విజయశ్రీ అని కూడా అనుకుంటోంది. రాసి చెరిపిన ఆ మెయిల్ ఒక్కటి పంపి ఉంటే సరిపోయేది. అందరూ ఆమె నోరు మూసిన మాట నిజమే. మూసుకున్న నోటిని మూడు వారాలు అలాగే ఉంచుకున్నది మాత్రం తను.

అప్లికేషన్ ఎలాగూ మూసేశారు కాబట్టి ఈ సంగతి ఇక్కడితో ఆపుతానంది ప్రొఫెసర్. డిసెంబరులో మళ్ళీ పెట్టుకోవచ్చునట, ఫోన్ వద్దట, నేరుగా వచ్చి ఈ బోర్డు దగ్గరే మాట్లాడాలట. చోటు ఉంటుందో ఉండదో ఇప్పుడే చెప్పలేనంది. బోర్డు మీది పొలాన్ని తుడవొద్దని ఒక మూల రాసిపెట్టింది. ఉజ్వల థాంక్స్ చెప్పి బయటికొచ్చింది.

లోకేష్ పార్కింగ్‌లో కారు ఇంజిన్ కూడా ఆపకుండా ఎదురుచూస్తున్నాడు. పోలీసులు రాలేదన్న నిశ్చింత అతని ముఖంలో కనిపిస్తోంది. ఉజ్వల కూర్చోగానే ఏమడిగిందని అడిగాడు. ఆమె సీటు బెల్టు పెట్టుకుంది. అతని వైపు తిరిగి చెప్పింది.

"నా స్టేట్‌మెంట్ చూపించి, ఇది ఎవరు రాసినారని అడిగినారండీ."

ఎందరి బదులో ఎన్ని ప్రశ్నలకో తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి లోకేష్. ఈ ప్రశ్న విన్నాక, ఇంతసేపూ ఆపని ఇంజిన్ ఆపేశాడు.